బేకరీ పొయ్యి

ఇసుక ఊదాక తుపాకీ గొట్టాలు
ఈకలు పీకిన కోళ్లు.

"ఒట్టి చేత్తో తాకబాక నాయనా,
వేలిముద్ర రంగు కిందే ఉండిపోతాది,"
అంటాడు మస్తానప్ప.
చిత్తూరు పోలీసు లైన్లలో
ఇరవై ఏళ్లుగా ఆర్మరర్.

ఊపిరి బిగబట్టి పిచికారీ కొడతాడు,
తీగలకు వేలాడదీసి
తలుపు మూస్తాడు.

మూతబడ్డ బేకరీ వేలంలో
కొన్న పొయ్యి అది.
వేడెక్కేటప్పుడు ముందు బన్ను వాసన,
రంగు ఘాటు తర్వాతే.

సెంట్రీ కుర్రాడు గంగులప్ప
కిటికీలోంచి తొంగిచూసి
"ఏం కాలస్తా ఉండారన్నా?"
నవ్వాం ఇద్దరమూ.
ఆ మాటకున్న రెండో అర్థం
కాస్త ఆలస్యంగా తగిలింది.

రెండు గంటలకు తీస్తే
నల్లగా, మెరుపు లేకుండా,
ఏ చెయ్యీ ఎరగనట్టు
పదకొండు గొట్టాలు.

అడుగు రేకు సందులో
మాడిన నువ్వుగింజ ఒకటి.
మస్తానప్ప గోటితో గీకి
పారేయకుండా
జేబులో వేసుకున్నాడు.