ఇద్దరు గౌరవనీయులు

నన్ను గౌరవనీయుడని
మొట్టమొదట రాసింది పోలీసోళ్ళు,
పులియాంతోపు హౌసింగ్ బోర్డు మూడో అంతస్తులో
రాత్రి రెండున్నరకి.

లుంగీ మీదున్నాను. చొక్కా తగిలించుకోనీలేదు.
"పక్కింట్లో సోదా. సాక్షికి రా."
రెండో గౌరవనీయుడు పాల ప్యాకెట్ల సెల్వం.
మూడు చక్రాల బండిలో ముడుచుకొని పడుకున్నోణ్ణి
జబ్బ పట్టి లేపుకొచ్చారు.

దానమ్మ తలుపుకి గొళ్ళెం లేదు.
నైలాను తాడు, మేకుకి రెండు చుట్లు.
పిల్లి తోసినా ఆగదు.
అయినా మేం ఇరవై ఏళ్ళుగా
"అమ్మా, ఉండావా?" అని పిలిచి,
లోపల్నించి మాటొచ్చాకే కాలు పెడతాం.
ఆమె మొగుడు పోయిన రోజు కూడా
పిలిచే పోయాం.

ఆ తాడుని బూటు ఒక్క తన్నుతో విప్పింది.

చీపుళ్ళోళ్ళ సమ్మెకి
కొడుకు ఏబేలు కాగితాలు పంచాడంట.
ఆ కాగితాల కోసం బియ్యం డబ్బాలో
మోచేతిదాకా చెయ్యి పెట్టాడొకడు.
ఇంకొకడు దిండు కోశాడు.
ట్రంకు పెట్టె బోర్లించారు.
మొగుడి ఖాకీ చొక్కా పడింది,
ఖాకీయే, కాకపోతే మురిక్కాలవల ఖాకీ.
పెళ్ళి చీర. మడత విప్పని తువ్వాలు.
ఆడమనిషి ఎండలో కూడా
చీర కింద దాచి ఆరేసుకునే గుడ్డలు,
ట్యూబులైటు కింద, ఆరుగురు మగోళ్ళ కాళ్ళ మధ్య.

దానమ్మ వాటివైపు చూడలేదు.
నావైపు చూసింది.
నేను గోడమీద క్యాలెండరు చూశాను.
పోయిన నెల కాగితం ఇంకా చించలేదు.

తమిళంలో నేను పోట్లాడగలను,
బేరమాడగలను, చదవలేను.
"ఏం రాశారు సార్?" అనొచ్చు. అనలేదు.
చూపించిన చోట పెంచలయ్య అని
మా నెల్లూరు బళ్ళో నేర్చిన అక్షరాల్లో పెట్టాను.
"ఇదేందిరా, జిలేబీలు చుట్టావా" అని నవ్వారు.
నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఇప్పటికీ మూతికి అంటుకొనే ఉంది.

లా కాలేజీలో చదివే మా మేనకోడలు మునిలక్ష్మి
మర్నాడొచ్చి గొంతు చించుకుంది.
ఎందుకు వెతుకుతున్నారో ముందే రాయాలంట,
దేనికోసమో రాయాలంట.
రాసింది చదివి వినిపించమనే నోరు
సాక్షికి ఉండాలంట.
"నువ్వు అక్కడ ఉన్నది వాళ్ళకోసం కాదు మామా,
ఆమె కోసం."

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుకుంటా అడిగాను,
"అంత పెద్ద పుస్తకంలో తలుపుందా అమ్మాయ్?"
చాలాసేపు పేజీలు తిప్పింది.
"తలుపు లేదు.
అడక్కుండా ఇంట్లోకి రావద్దని కూడా విడిగా రాయలేదు.
ప్రాణం అని ఉంది, ఇరవై ఒకటో చోట.
ఆ ఒక్క మాటలోంచే
కోర్టులు గడప చెక్కుకుంటా వచ్చాయి.
చాలా ఏళ్ళు పట్టింది."

చాలా ఏళ్ళు.
మాకు అంత చదువు లేకనే తెలిసింది కదా,
నైలాను తాడు ముందు నిలబడి
మాట కోసం ఆగడం.

వారానికి నకలు సంపాదించి
తమిళం చదివి తెలుగులో చెప్పింది:
ఏమీ దొరకలేదు.
ఏమీ తీసుకుపోలేదు.
ఏమీ పాడుచెయ్యలేదు.
ఇద్దరు గౌరవనీయులైన స్థానికుల ఎదుట.

ఈ పొద్దు బండి మెట్లకింద ఆపి పైకెక్కాను.
ఆ ట్రంకు గుడ్డలన్నీ తెచ్చి
మళ్ళీ మడతలు పెట్టిద్దామని. డబ్బులకి కాదు.

తాడు లేదిప్పుడు. కట్టడం మానేసింది.
తలుపు గాలికి తెరుచుకొనే ఉంది,
నలిగిన పెళ్ళి చీర అంచు
చెయ్యి చాపితే అందేంత దూరంలో.

"అమ్మా, ఉండావా?"

లోపల గిన్నె కదిలింది. మాట రాలేదు.
కింద నా బొగ్గులు బూడిదౌతా ఉంటాయి.
మళ్ళీ పిలవలేదు.
కాలు పెట్టలేదు.
నిలబడే ఉన్నాను.