తాళంచెవి

మొఖోత్లోంగ్ కొండల్లో ఆ రాత్రి
ఆస్పత్రి రేకుల మీద జానెడు మంచు.
జనరేటరు ముసలాడిలా దగ్గుతోంది.
వార్డు తుడిచే లిమకాత్సో
మాసిన దుప్పటి పోగు చేస్తుంటే
ఎవరో మరిచిన సూది
బొటనవేల్లోకి దిగింది.

చీమ కుట్టినట్టుంది, అంది.
ఆ దుప్పటి ఏ మంచానిదో గుర్తొచ్చాక
గోడకి జారగిలబడిపోయింది.

పిండకు, అన్నాను.
నోట్లో పెట్టుకోకు. సబ్బూ నీళ్ళూ, అంతే.
కుళాయి గడ్డకట్టింది.
టీ కోసం పెట్టిన కెటిల్ దించి
గుప్పెడు మంచు కలిపి
ఆ వేలికి లాలపోశాను.

రిజిస్టరులో రాశాను: రెండూ పది.
ఎలా జరిగిందో రాయడానికి గడి ఉంది.
ఎవరు మరిచారో రాయడానికి లేదు.

డెబ్బై రెండు గంటల్లోపు, అంటుంది గోడమీది కాగితం.
నాకు అంత పెద్ద అంకెలు రావు.
అల్మరా తీసి మాత్రలు లెక్కపెట్టాను, ఇరవై ఎనిమిది,
చేతులు వణికి మళ్ళీ లెక్కపెట్టాను.
మొదటిది నా ఎదుటే మింగు.
రోజుకొకటి. వికారమైతే రెండు ముద్దలు తిను.
మానకు మాత్రం.

"మా ఆయన గనుల నుంచి శనివారం వస్తాడు.
ఏం చెప్పను?"
సూది అని చెప్పు. పరీక్షలన్నీ అయ్యేదాకా తొడుగు లేకుండా వద్దని చెప్పు.
"సూదంటే నమ్ముతాడా?"
రిజిస్టరు నకలు రాసి ముద్రేసి ఇచ్చాను.
నమ్మకానికి అంతకన్నా పెద్ద కాగితం
మా దగ్గర లేదు.

"నీకేం సిస్టర్, ఇచ్చేదానివి."

ఏప్రన్ జేబులోంచి నా సీసా తీశాను.
అదే తెలుపు, అదే పొడుగు.
తొమ్మిదేళ్ళు, రాత్రి తొమ్మిదింటికి.
నాకు గుచ్చుకున్నప్పుడూ
మాత్రలు ఈ అల్మరాలోనే ఉన్నాయి, లిమకాత్సో.
తాళంచెవి ఉన్నాయన
పెళ్ళికని మసేరు వెళ్ళాడు.
దారులన్నీ మంచు.
ఆయన వచ్చేసరికి
ఐదో రోజు.

ఆమె నా ముఖం వైపు చూడలేదు.
మెడలో నల్లతాడుకి వేలాడుతున్న
ఇత్తడి ముక్కను చూసింది.

బతుకుతున్నాను, అన్నాను.
జుట్టు నెరుస్తోంది, మోకాళ్ళు నొప్పి,
నా రక్తంలో అది ఇప్పుడు లెక్కకందనంత తక్కువ.
అయినా నీకు ఇరవై ఎనిమిదితో అయిపోవాలి.

పటకారుతో సూదిని పట్టి
పసుపు డబ్బాలో వేశాను.
వినీ వినపడని చప్పుడు.

లిమకాత్సో మాత్ర మింగింది.
నీళ్ళగ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడింది.
"రాత్రి నువ్వు నిద్రపోతే," అంది,
"ఇంకెవరికైనా గుచ్చుకుంటే?"

లేపు, అన్నాను.