మడమ

నలభై నిమిషాలు, అన్నాడు కోచ్ హమ్ము.
మాట్లాడుకుంటూ పరిగెత్తగల వేగం.
మాట తెగితే తగ్గించండి.
నా చేతిగడియారం విప్పించుకుని
కోటు జేబులో వేసుకున్నాడు.
తూడాకి విడిగా ఏదో చెప్పాడు, నాకు వినపడకుండా.

ఇఫ్రాన్ దాటాక దేవదారు అడవిలోకి మట్టిదారి.
నవంబరు.
రాత్రి కురిసిన మంచు నీడపట్టునల్లా
ఉప్పు చల్లినట్టు మిగిలి ఉంది.
పదకొండు వారాల తర్వాత ఇది నా ఏడో పరుగు.
ముందు ఆరూ ట్రెడ్‌మిల్ మీద, గోడని చూస్తూ.
గోడకొక పగులుంది,
దాని మలుపులన్నీ నాకు కంఠతా వచ్చు.

తూడాకి పందొమ్మిది.
నా పాత బూట్లు తొడుక్కుంటుంది
వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కి.
డ్రైవింగ్ పరీక్ష రెండోసారి తప్పిందట,
గదిలో ఉండే ఫాదిమా నిద్రలో లెక్కలు చెబుతుందట,
చెబుతూ చెబుతూ అరడుగు ముందుకెళ్ళి
నాలుక కరుచుకుని వెనక్కొస్తుంది.
పక్కవాడు బరువు మోస్తుంటే
ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా.

దారిపక్క కోతులు వేరుశనగ తొక్కలు ఏరుకుంటూ
తలెత్తి చూసి, కదల్లేదు.
ఇంత నెమ్మదిగా వచ్చేవాళ్ళకి
తప్పుకోవడం దేనికన్నట్టు.

నేను నవ్వాను గాని
నా చెవి మడమ దగ్గరే ఉంది.
పక్కగదిలో చంటిబిడ్డ నిద్రపోతుంటే
తల్లి గిన్నెలు తోముకున్నట్టు పరిగెత్తుతున్నాను.
వెనక నరం లేస్తుందా, ఏడుస్తుందా,
ఇంకా లేవలేదు, ఇంకా లేవలేదు.

అప్పుడు వినపడింది.
ఒక అడుగు వెంట్రుకవాసి ఆలస్యంగా.
మళ్ళీ.
గొంతులోకి చల్లగా ఏదో జారింది.
లేసు కట్టుకోవాలని వంగాను.
నేను ఆగాను,
చప్పుడు ఆగలేదు.
అది తూడాతోపాటు ముందుకు పోయింది.

ఎన్నాళ్ళనుంచి?
ఏది?
పిక్కలోనా, ఎముక మీదా?

రాయి తగిలిందంది. చలికి బిగుసుకుందంది.
ఈ బూట్లే కాస్త, అంటూ మధ్యలో ఆపేసింది.
ఒకదాని వెనక ఒకటి కుంటి సాకులు,
నేను చెప్పనిది ఒక్కటీ లేదు వాటిలో.
మొద్దు మీద కూర్చోబెట్టి కాలు ఒళ్ళో పెట్టుకున్నాను.
దిర్హమ్ బిళ్ళంత చోట బొటనవేలు ఆనించగానే
అడవి వైపు ముఖం తిప్పుకుంది.

బూటు తిరగేసి చూశాను.
అట్ట ఎడమ అంచున వాలుగా అరిగింది.
ఆ అరుగుదల తూడాది కాదు.

ఆదివారం మెక్నెస్‌లో పోటీ. జట్టుకి ఆరుగురే.
హమ్ముకి చెప్పకు, అంది.

తొమ్మిది రోజులు దాచాను నేను.
పదకొండు వారాలు కట్టాను.
ఏ షావుకారూ వేయడు ఆ వడ్డీ.
ఈ లెక్క నోటిదాకా వచ్చింది.
పందొమ్మిదేళ్ళప్పుడు నాకెవరో చెప్పే ఉంటారు,
ఎవరో కూడా గుర్తులేదు.
అందుకని వేరేది అడిగాను:
పొద్దున హమ్ము నీతో ఏమన్నాడు?

"అక్క అడుగు చెవిపెట్టి విను.
ఏమాత్రం తేడా ఉన్నా వెనక్కి తీసుకొచ్చెయ్."

విన్నావా మరి?
విన్నాను, అంది ముక్కు తుడుచుకుని.
నీది బాగానే ఉంది.

వెనక్కి మళ్ళాం, నడకన.
మడమ తిప్పకూడదని ఊరికే అంటారు.
పదకొండు వారాల్లో మొదటిసారి
నా మడమ నొప్పి లేకుండా తిరిగింది.

చెమట చల్లబడి ఒళ్ళు వణికింది.
ఇద్దరికీ కలిపి ఒక జత చేతిగుడ్డలు, చెరొకటి.
కోతులు ఈసారి తలైనా ఎత్తలేదు.
మలుపులో హమ్ము పాత కారు కనపడింది,
బానెట్‌కి ఆనుకుని నా గడియారం చూసుకుంటున్నాడు.
నలభైకి ఇంకా పద్నాలుగు ఉన్నాయి.

చూస్తున్నాడు, అంది తూడా.
నిటారుగా నడవడానికి ప్రయత్నించి
మానేసింది.