పద్నాలుగు బోల్టులు

ఉప్పాడ నుంచి బస్సు దిగి సీదా జియాగూడ ఒడ్డుకొచ్చిండు
సూరాడ నూకరాజు.
భుజమ్మీద రబ్బరు సూటు, చేతుల టిఫిన్ డబ్బా.
వాసనకు ముక్కు మూసుకోలే.
అడిగిన మొదటి మాట:
"ఆటు ఎన్నింటికండీ?"

నవ్విన.
ఇరవై రెండేండ్ల సంది ఈ ఊర్ల వాల్వులు తిప్పుతున్నోణ్ని.
"ఇది మూసీ, తమ్మీ. ఆటూ లేదు, పోటూ లేదు.
పైన హిమాయత్‌సాగర్ కాడ గేటు లేపితే ఒస్తది,
దించితే పోతది."
"మా సముద్రానికి తిథులున్నాయండి.
అమావాస్యకెంత, అష్టమికెంత,
మా అమ్మ వేళ్లమీద చెప్పేసేది.
మరి దీనికి?"
జేబులకెళ్లి ఫోను తీసి చూపించిన.
రెండు గీతల సిగ్నల్.

అడుగున పాత పైపు. పోత ఇనుము, సీసం అతుకులు.
పగిలిందని మాకు నల్లాలు చెప్పినయి:
ముందుగాల బిందెలల్ల నురగ,
తర్వాత పిల్లలకు వాంతులు.
లోపల తాగే నీళ్లు, బయట మూసీ,
నడుమ వేలెడు ఇనుము.

క్రేను కొత్త పైపును దించింది.
జహంగీర్ భాయ్ కంప్రెసర్ స్టార్ట్ చేసి
డాక్టర్ లెక్క చెవి పెట్టి విన్నడు.
నూకరాజు మునిగిండు.
ఇగ నల్లటి నీళ్లు, తేలే కొబ్బరి చిప్ప, ఒక చెప్పు,
నా చేతుల తాడు.

బోల్టు బిగిస్తే ఒక గుంజుడు.
రెండైతే తాడు వదులు.
మూడు గుంజితే ఏం అడగొద్దు, పైకి లాగు.

పదహారు బోల్టులు.
ఆ నీళ్లల్ల కండ్లు తెరిసినా మూసినా ఒకటే.
వేళ్లతోటి ఫ్లాంజు అంచు తడిమి,
రంధ్రం దొరికిచ్చుకొని, వాషర్ సర్ది...
నేనేం చూడలే. తాడు చెప్పింది.
ఒకటి. రెండు. మూడు.
నడుమ చాయ్ ఒచ్చింది, చల్లారింది.
తొమ్మిది.
పురానాపూల్ మీద జనం ఆగి చూస్తున్నరు.
"శవం కోసమా?" అన్నడొకడు.
"నల్లా కోసం" అన్న.

పదకొండో బోల్టు కాడ ఫోను మోగింది.
"పైన గట్టి వాన. రెండు గేట్లు అడుగు లేపినం.
నీ కాడికి గంట గూడ పట్టదు."
పెట్టేసిండు.

కిందికెట్ల చెప్పాలె?
'పోటొస్తుంది' అనే మాటకు
మేం గుంజుడు పెట్టుకోలే.
మూడు గుంజిన.
జవాబు ఒక్కటే.
పన్నెండు.
మళ్ల మూడు గుంజిన.
పదమూడు.
ఒడ్డు గడ్డి ఒక దిక్కు ఒరిగింది.
నలుపుల ఎర్రమట్టి కలిసింది.
ఆగున్న చెప్పు కదిలింది,
కొబ్బరి చిప్ప దాన్ని దాటి ఉరికింది.
పద్నాలుగు.

అప్పుడు మూడు గుంజుళ్లు. ఆయనవి.

ఐదుగురం లాగినం.
మోకాళ్లమీద కూలబడి మాస్కు తీసి
నదిని తిట్టిండు:
"చెప్పాపెట్టకుండా వచ్చేత్తదేటండీ ఇది!"
గుప్పిట విప్పితే మిగిలిన రెండు బోల్టులు.
వాటి మరలు అరచేతుల అచ్చుపడ్డయి.

రాత్రి పన్నెండింటికి వాల్వు తిప్పిన,
పావు తర్వాత పావు, చెవి ఇనుముకు ఆనిచ్చి.
పద్నాలుగు బోల్టుల మీద నీళ్లు ఏరు దాటినయి.
ఏదో గల్లీల బకెట్ చప్పుడు,
ఎవరిదో "పానీ ఆగయా" అని కేక.

నూకరాజు దోసిట పట్టి ఒక గుక్క తాగిండు.
"చప్పగున్నాయండి" అన్నడు, ఇంకో గుక్క తాగి.

ఆ రెండు బోల్టులు నా బండి డిక్కీలనే ఉన్నయి,
గతుకు ఒచ్చినప్పుడల్ల మోగుతయి.
గేట్లు దించినంక మళ్లొస్తనన్నడు.
వాన తగ్గలే.
పొద్దున్నే లేసి ఫోను చూస్త.
ఇయ్యాల తిథి ఏందో
అండ్ల ఉండదు.