రబ్బరు స్టాంపు

కోఠీలో చేయించిన స్టాంపు అది:
"రోజూ అరగంట నడవవలెను."
షుగరుకీ అదే, బీపీకీ అదే,
కీళ్లనొప్పుల వాళ్లకు మాత్రం పక్కన
"నెమ్మదిగా" అని పెన్నుతో రాస్తాను.
రాంనగర్‌లో క్లినిక్ పెట్టి పంతొమ్మిదేళ్లు.
ఇంకు ప్యాడ్ ఎన్నిసార్లు ఎండిందో, ఎన్నిసార్లు తడిపానో.

ఒక సోమవారం అండాలు వచ్చింది.
ఇస్త్రీ బండి అండాలు. షుగరు రెండువందల తొంభై.
మోచేతి కింద పాత కాలిన మచ్చ,
దాని పక్కనే ఇంకా ఆరని కొత్తది.
స్టాంపు కొట్టి చీటీ ఇచ్చాను.
కాంపౌండరుతో చదివించుకుని మళ్లీ లోపలికొచ్చింది.
"పొద్దుగాల ఆరింటిసంది నిలబడే ఉంట గద మేడమ్,
నిలబడుడు, నడుసుడు ఒకటి కాదా?"

కాదన్నాను.
నిలబడితే నెత్తురు కాళ్లలోకి దిగి కూర్చుంటుందనీ
నడిస్తే పిక్క దాన్ని పైకి తోస్తుందనీ
బొమ్మ గీసి చెప్పాను.
"బోరింగు లెక్క" అని నవ్వింది.
"అరగంట బండి ఇడిసిపెడితె బొగ్గులు సల్లారుతయ్.
మల్ల ఎవరు రాజేస్తరు?"
దానికి నా దగ్గర స్టాంపు లేదు.
తర్వాతి టోకెన్ పిలిచాను.

రెండు నెలలకు మళ్లీ వచ్చింది.
నూట డెబ్బై ఎనిమిది.
మీటరు తప్పేమోనని ఇంకో వేలు పొడిచాను.
నూట డెబ్బై ఆరు.
"ఏం చేశావ్ అండాలూ?"

"బట్టలు మా పోరగాడు ఇచ్చొచ్చెటోడు.
ఇప్పుడు నేనే పోతున్న.
మీ అపార్ట్‌మెంట్ల పన్నెండిండ్లు నాయే గద.
పనోళ్లు లిఫ్టు ఎక్కొద్దని బోర్డు పెట్టిన్రు,
మంచిగైంది మేడమ్, మీ అరగంట మెట్ల మీదనే అయిపోతంది."

ఆ బోర్డు నాకు తెలుసు.
మార్చి మీటింగులో ఎవరో తీర్మానం చదువుతుంటే
ఫోనులో ఎవరిదో క్రియాటినిన్ రిపోర్టు చూస్తూ,
ఇంకో చేత్తో సమోసా,
రిజిస్టరులో తొమ్మిదో సంతకం పెట్టాను.

పాదాలు చూపించమన్నాను.
నైలాను పోగుతో అరికాలు తాకాను,
మడమ దగ్గర, బొటనవేలు కింద, మళ్లీ మడమ దగ్గర.
ఆమె కిటికీలోంచి బండి వైపు చూస్తోంది.
"ఇంక పెడ్తలేరేంది మేడమ్?"

"మెట్లెక్కేటప్పుడు చెప్పులుంటాయా?"
"కిందనే ఇడుస్త. బండలు ఖరాబైతయంటరు."

స్టాంపు పక్కన పెట్టాను.
చెప్పులతోనే ఎక్కమని రాశాను, ఎవరైనా అడిగితే
నా పేరు చెప్పమన్నాను.
మడిచి బొడ్లో దోపుకుంది.

ఈ నెల మీటింగులో బోర్డు మాట ఎత్తాను.
సెక్రటరీ ప్రభంజనరావుగారు బీపీ మనిషి,
జేబులోంచి నా చీటీనే తీసి అందరికీ చూపించారు.
"నడక మంచిదని స్టాంపు కొట్టి మరీ ఇచ్చేది
మీరే కదండీ డాక్టరుగారూ!"
అందరూ నవ్వారు. నేనూ, కొంచెం.

గురువారం.
నాలుగో అంతస్తులో, మా తలుపు గొళ్లేనికి
నా తెల్లకోటు వేలాడుతోంది,
ఇంకా వెచ్చగా.