ఇద్దరికీ కలిపి యాభై

కావలి డిపోలో మిషను, సంచి, సంతకం.
ఉదయగిరి సర్వీసు.
తొమ్మిదేళ్లుగా ఇదే రోడ్డు నాది.
ఏ గుంత దగ్గర ఎవరి నిద్ర తెగుతుందో చెప్పగలను.

పోయిన నెల, వింజమూరు అవతల ఒక ఊళ్లో
ఫ్లెక్సీ చిరిగింది.
గాలి చించిందో, చెయ్యి చించిందో
ఈనాటికీ తేలలేదు.
రెండు వీధుల మధ్య మాత్రం
నిలువునా చిరుగు పడింది.

అప్పట్నుంచి నా బస్సులోనూ
ఆ వీధి వాళ్లు కుడివైపు, ఈ వీధి వాళ్లు ఎడమవైపు.
మధ్యలో నేను నడిచే దారి.
ముగ్గురు పట్టే సీట్లో ఒక్కడే కూర్చుని
పక్కన టవలు పరిచి "మనిషున్నాడు" అంటాడు.
లేడని అందరికీ తెలుసు.
నిలబడ్డ ముసలాయన మోకాళ్లకు ఇంకా బాగా తెలుసు.

నేనేమీ పెద్దమనిషిని కాదు.
ఫ్లెక్సీ చిరిగిన రాత్రి ఒక వీడియో వస్తే
పూర్తిగా చూడకుండానే అక్కచెల్లెళ్ల గ్రూపులోకి తోశాను.
అది మన జిల్లాదే కాదని తెల్లారి తెలిసింది.
తీసేశాను.
అప్పటికే పదకొండు మంది చూసేశారు.
ఫోన్లోంచి తీసినంత తేలికా
కళ్లలోంచి తీయడం?

ఆ సోమవారం మధ్యాహ్నం ట్రిప్పులో
చెంచురామయ్య ఎక్కాడు, కోళ్ల దాణా మూటతో.
వెనకే ఖాదర్‌మస్తాన్,
సగం అమ్ముడుపోని చెక్క గరిటెల సంచితో.
ఒకే ఊరు, ఒకే స్టేజీ, డెబ్బై ఐదు టిక్కెట్టు.
చెరొక నూరు నోటు చాపారు
చెరొక కిటికీ వైపు చూస్తూ.

"చిల్లర లేదబ్బా," అన్నాను.
"ఇద్దరికీ కలిపి యాభై. దిగినాక పంచుకోండి."

"ఇదేందమ్మా!" అన్నాడు చెంచురామయ్య.
"ఆయనకే ఇచ్చెయ్, నాకొద్దు," అన్నాడు మస్తాన్.
నాలుగు గరిటెలు చెక్కితే గాని మిగలని ఇరవై ఐదు,
దాన్ని కూడా వదులుకునే కోపం.
"వద్దంటే లెక్క కుదరదు," అని
నోటు ముందుసీటు కమ్మీ సందులో దోపి
టిక్కెట్ టిక్కెట్ అంటూ జరిగిపోయాను.
గొంతు కొంచెం వణికింది.

కలిగిరి దాటినా అది అక్కడే రెపరెపలాడింది.
ఎగిరిపోతుందేమోనని
ఇద్దరూ ఓరకంట కాపలా కాశారు.
ఒక కుదుపుకి జారింది.
రెండు చేతులూ ఒకేసారి కిందికి వంగాయి.

స్టేజీలో టీ బంకు వెంగమ్మ
"ఊరికే చిల్లరిస్తే నా బంకేం గాను?" అంది.
రెండు టీలు.
డ్రైవరు రేడియేటర్లో నీళ్లు పోస్తుంటే
కిటికీలోంచి చూస్తున్నాను.
ఒకరు తూర్పుకి, ఒకరు పడమటికి తిరిగి తాగారు.
మిగిలిన ముప్పైలో పదిహేను
చెంచురామయ్య బల్ల మీద పెట్టాడు,
చేతికివ్వలేదు.
ఒక పది, ఒక అయిదు.
మస్తాన్ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

అంతే. కౌగిలింతలేమీ లేవు.
కాకపోతే మూట తలకెత్తుకోలేక
చెంచురామయ్య తూలినప్పుడు
పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది,
మాట లేకుండా.

ఇప్పుడు రోజుకొకసారైనా
నా దగ్గర చిల్లర ఉండదు.
టవలు పరిచినవాణ్ణి
"మీ మనిషి ఎక్కడ దిగుతాడు? టిక్కెట్టు కొట్టనా?" అంటాను.
టవలు భుజం మీదికి పోతుంది.
ఫోన్లో ఏదైనా మండుతూ వస్తే
ఒక ట్రిప్పు అయ్యేదాకా ముట్టుకోను.
సగం వాటికవే చల్లారతాయి.

నిన్న రాత్రి డిపోలో సంచి బోర్లించాను.
బిళ్లలు బల్లంతా దొర్లాయి.
క్యాషు గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టి
"ఇంత పెట్టుకుని లేదంటున్నావంట,
కంప్లయింటు వచ్చిందమ్మా," అని
కాగితం నా వైపు తిప్పాడు.

కింద, వంకరగా, చెంచురామయ్య.
దాని పక్కనే, అదే పెన్నుతో,
ఖాదర్‌మస్తాన్.