ఎడమ బూటు ముడి

సీతాఫల్‌మండిలో రైలు పట్టాల పక్క బడి మాది.
ఎంఎంటీఎస్ పోయినప్పుడల్లా
ఎక్కం మధ్యలో ఆగుతుంది,
ఏడారుల దగ్గర నోళ్ళు తెరుచుకుని
రెండో తరగతి మొత్తం ఎదురుచూస్తుంది.

జశ్వంత్ పదమూడు రోజుల తర్వాత వచ్చాడు.
గుండు. కొత్తగా బయటపడ్డ చెవులు.
వాళ్ళ నాయనమ్మ గేటు దగ్గర
నాకేదో చెప్పబోయి
కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను.
పిల్లాణ్ణి దగ్గరికి తీసుకుని
"మీ అమ్మ చుక్కైంది నాన్నా" అన్నాను.
"ఏ చుక్క టీచర్?
మా డాబా ఎక్కి సూస్తే
ఇమానాలే కనవడ్తయి."
పదిహేడేళ్ళ సర్వీసు నాది.
జవాబు లేక హాజరుపట్టీ తెరిచాను.

వాడు బూట్లు విప్పడు.
మధ్యాహ్నం అందరూ విప్పి వరండా ఎక్కితే
వాడు మెట్టు కిందే కూచునేవాడు.
పళ్ళెం అక్కడికే పట్టుకెళ్ళేది వంట చేసే యాకమ్మ,
గుడ్డు పెట్టే రోజు రెండు గుడ్లు,
లెక్క నాకు కనపడకుండా.

తర్వాత తెలిసింది.
ఆస్పత్రికి పోయే పొద్దున
బయట ఆటో హారన్ కొడుతుంటే వాళ్ళమ్మ
గడపలో కూలబడి కట్టిన ముళ్ళవి.
ఒక ముడి, దాని మీద ఇంకోటి,
మిగిలిన కొసలు లోపలికి దోపి.
రాత్రి పాదం బలవంతంగా లాగేసుకుంటాడట,
పొద్దున మడమ దోక్కుపోయినా దూర్చేస్తాడట,
ముడి మాత్రం ముట్టనియ్యడట.

గురువారం, ఇంటర్వెల్లో.
తరుణ్ కావాలని తొక్కలేదు.
అప్పటికే అరిగి బయటికొచ్చిన కొస
వాడి కాలి కింద చిక్కింది,
ఎడమ ముడి సర్రున జారింది.

జశ్వంత్ ఏడవలేదు.
నేల మీద చతికిలబడి
రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుని
అట్లనే ఉండిపోయాడు.
నేను కట్టబోతే చెయ్యి తోసేశాడు.

ఉజ్మా వచ్చింది.
వాళ్ళమ్మ ఇంట్లో చీరలకు జర్దోసీ కుడుతుంది,
అక్షరాలకన్నా ముందే ముడెయ్యడం వచ్చిన పిల్ల.
ఏడవకు అనలేదు, చుక్క సంగతి ఎత్తలేదు.
వాడి ముందు బోర్లా పడుకుని
గడ్డం మట్టికానించి
కుడి బూటునే చూస్తూ ఉంది.
బెల్లు కొట్టారు. నేను పిలవలేదు.
ఒక రైలు పోయింది. ఇంకో రైలు పోయింది.

"మీ అమ్మీది ఎడమచేతి వాటమా?"
వాడు తల ఊపాడు.
నాకెవరూ చెప్పని ఆ సంగతి
ముడి చెప్పింది ఆ పిల్లకి.

అప్పుడు ఎడమచేత్తో, నాలుక బయటపెట్టి,
కుడి బూటును చూస్తూ చూస్తూ
మూడుసార్లు తప్పు కట్టి విప్పి
నాలుగోసారి కట్టింది.
వాడు చాలాసేపు పరీక్షించాడు.
"జర వదులుంది."
"అవును," అంది ఉజ్మా,
"మీ అమ్మీ అంత నాకు రాదు. రేపు గట్టిగ కడ్తా."

రేపు కట్టింది. ఎల్లుండీ కట్టింది.
తరుణ్ ఉస్మానియా బిస్కట్ ఒకటి
వాడి బెంచీ మీద పెట్టి పారిపోయాడు.
ఒకరోజు చూద్దును కదా,
తరగతిలో సగం బూట్లకి కొసలు లోపలికి దోపి ఉన్నాయి,
చెప్పులేసుకొచ్చే బాలమణి
సంచీ తాడుకి కట్టుకుంది.

డిసెంబరు నాటికి బూట్లు పట్టలేదు.
కుడిది నా చేతిలో పెట్టాడు, ముడితో సహా.
"బీరువాల పెట్టు టీచర్. ఇప్పొద్దు."
కొత్త జతకి తనే కట్టుకుంటాడిప్పుడు,
జర వదులుగా.

ఎప్పుడన్నా వస్తాడు.
చాక్‌పీసుల డబ్బాలు జరిపి చూసి
తలుపు వేసేస్తాడు.
ఉజ్మా తోడొస్తుంది,
గుమ్మం దగ్గరే నిలబడి గోడకున్న సున్నం గీకుతుంటుంది,
లోపలికి మాత్రం రాదు.